ఎల్లాజీ ఎడమ పాదంపై వాణిజ్య వివాదం

మా దేశం పెద్ద ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజున ఆరోగ్య శాఖ తరఫున హాజరైంది నేనొక్కణ్ణే. మా డైరెక్టరు గారు ఆరోగ్యం మీద సదస్సుకు విదేశం వెళ్లారు. ఏడాదిలో పది నెలలు ఆయన ఆరోగ్యం మీద సదస్సుల్లోనే ఉంటారు. అందువల్ల ఆయన ఆరోగ్యం బాగుంటుంది. శాఖలో పెద్ద గుమాస్తాను నేను, భద్రయ్యని. చిన్న గుమాస్తా లేడు.

మా దేశం పేరు మూడుదిబ్బల రిపబ్లిక్. పటంలో మమ్మల్ని చూసినవాళ్లు ఈగ వాలిన మరక అనుకుని గోటితో గోకి చూస్తారు. పెద్దదిబ్బ, నడిమిదిబ్బ, చిన్నదిబ్బ. మూడూ కలిపి ఇరవై రెండు వేల మందిమి. మా ముత్తాతలు కళింగపట్నం రేవులో ఓడెక్కి కొబ్బరితోటల్లో కూలికి వచ్చినవాళ్లు. తోటల దొరలు వెళ్లిపోయారు, మేమూ మా భాషా మిగిలాం.

ఒప్పందం పేరు సప్తసాగర స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. ఏడు దేశాలు. ఆరు పెద్దవి, ఏడోది మేము. పదకొండు వందల నలభై పుటలు. మా మంత్రి గారు మొదటి పుట చూసి, చివరి పుట చూసి, "కాయితం బాగుంది" అని సంతకం పెట్టారు. బ్యాండు మోగింది. ఆరోగ్య శాఖకు ఒక ప్రతి ఇచ్చారు. దాని మీద "చూసి సంతోషించవలెను" అని రాసి ఉంది. నేను బీరువాలో పెట్టి సంతోషించాను.

తర్వాత ఓడలు రావడం మొదలైంది. అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది గొర్రె డొక్క. గొర్రె పక్కటెముకల కింద వేలాడే కొవ్వు అన్నమాట. పక్క పెద్ద దేశంలో దాన్ని కుక్కలకు వేసేవారట. కుక్కల డాక్టర్లు అభ్యంతరం చెప్పాక మావైపు పంపడం మొదలుపెట్టారు. దాంతోపాటు నూడిల్సు పొట్లాలు, ఎర్ర సోడా వచ్చాయి. మా సముద్రంలో దొరికే చేప పెద్ద పడవల్లో బయటి దేశాలకు వెళ్లి, డబ్బాలో నూనె పోసుకుని, ముఖం గుర్తుపట్టలేనంతగా మారి తిరిగొచ్చేది. అన్నీ చవకే. మూడేళ్లలో మా దేశంలో పెద్దవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరికి షుగరు వచ్చింది. ఆ లెక్క రాసి మంత్రి గారికి పంపితే, "వాణిజ్యం పెరిగినట్టే కదా" అని తిప్పి పంపారు.

ఇక ఎల్లాజీ సంగతి. నడిమిదిబ్బకీ చిన్నదిబ్బకీ మధ్య లాంచీ నడుపుతాడు. నలభై ఏళ్లుంటాయి. ఎడమ పాదానికి తుప్పు గాలం గుచ్చుకుని, పుండు పడి, ఆరు వారాలైనా మానలేదు. చిన్నదిబ్బ ఆసుపత్రికి వెళ్లాడు. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక తూకం యంత్రం, నర్సు నూకరత్నం. ఆమె అక్కడ ముప్ఫై ఒక్క ఏళ్లుగా పనిచేస్తోంది.

ఆ రోజు జీతాల పుస్తకం మీద సంతకం కోసం నేనూ అక్కడే ఉన్నాను. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

"ఏటి తింతన్నావు?" అని అడిగింది నూకరత్నం, కట్టు విప్పుతూ.

"ఏటుంది నర్సమ్మా, అందరూ తింతన్నదే. డొక్క కూర, నూడిల్సు. దాహానికి ఎర్ర సోడా."

"రోజుకెన్ని?"

"లాంచీలో ఎండెక్కువ గదా."

"ఎన్ని అన్నాను."

"ఆరు."

నూకరత్నం దూది కింద పెట్టింది. "ఈ కాలు నీకు కావాలా, అక్కర్నేదా?"

"అదేటమ్మా, కావాల."

"అయితే డొక్క మానీ. సోడా మానీ. నూడిల్సు పొట్లం నీ ఇంట్లో కనబడితే నీ పెళ్లాంతో మాటాడతాను. చేమదుంప ఉడకేసుకో. మునగాకు వండించుకో. రేవులో చేప దొరికిననాడు చేప తిను."

ఇదీ ఉల్లంఘన. అర నిమిషం కూడా పట్టలేదు.

ఎల్లాజీ పెళ్లానికి భయపడి అన్నీ మానేశాడు. అక్కడితో ఆగితే ఎవరికీ తెలిసేది కాదు. కానీ లాంచీ ప్రయాణం నలభై నిమిషాలు, ఎల్లాజీకి నోరు ఊరుకోదు. ఎక్కినవాడికల్లా కాలు ఎత్తి చూపించి నర్సమ్మ మాట చెప్పేవాడు. అయిదు వారాల్లో పుండు తగ్గి రూపాయి బిళ్లంత అయింది. అదే అయిదు వారాల్లో చిన్నదిబ్బలో ఉన్న ఒకే ఒక్క కొట్టులో డొక్క అమ్మకం సగానికి పడిపోయింది.

ఆరో వారం కోదండపాణి గారు మా ఆఫీసుకు వచ్చారు. ఆయన వాణిజ్య అనుకూలతాధికారి. విదేశంలో చదువుకుని వచ్చినవారు. దేశం మొత్తం మీద ఏసీ ఉన్న గది ఆయనదే కాబట్టి బయటికి వస్తే ఆయనకు కోపంగా ఉంటుంది.

"భద్రయ్య గారూ! సభ్యదేశపు ఉత్పత్తి వినియోగమును నిరుత్సాహపరచు విధముగా మీ శాఖ ద్వారా సుంకేతర అవరోధము కల్పింపబడినట్లు ఫిర్యాదు అందినది."

"ఎవరు కల్పించారండీ?"

"మీ నర్సు."

"దేంతోనండీ?"

"నోటితో."

నేను ఆస్తుల రిజిస్టరు తీసి చూశాను. చిన్నదిబ్బ ఆసుపత్రి కింద స్టెతస్కోపు, తూకం యంత్రం, రెండు బల్లలు, ఒక బేసిను ఉన్నాయి. నోరు లేదు. ఆ మాటే మనవి చేశాను.

"నమోదు కాని అవరోధము మరింత తీవ్రమైనది," అన్నారు ఆయన. "పదునాలుగవ అధ్యాయము, ఆరవ నిబంధన చూడుడు. ప్రభుత్వోద్యోగి ఏ ఉత్పత్తిని గురించి అయినను ప్రతికూల సలహా ఇవ్వదలచినచో, అరువది దినములు ముందుగా సభ్యదేశములన్నిటికి తొమ్మిదవ నమూనా పత్రములో ప్రకటన పంపవలెను. అభ్యంతరములు లేనిచో సలహా ఇవ్వవచ్చును."

"ఒక్కొక్క రోగికా అండీ?"

"ఒక్కొక్క సలహాకు."

నేను తొమ్మిదో నమూనా పత్రాలు కట్ట కట్టుకుని ఎల్లాజీ లాంచీలోనే చిన్నదిబ్బకు వెళ్లాను. నూకరత్నం పత్రం అటూ ఇటూ తిప్పి చూసింది.

"అరవై రోజులా? బాబూ, కాలు కుళ్లడానికి పద్దెనిమిది రోజులు సాలు."

"కుళ్లడానికి ముందస్తు ప్రకటన అక్కర్లేదు నర్సమ్మా. అది ఒప్పందం పరిధిలోకి రాదు," అన్నాను. ఊరికే అనలేదు, చూసే చెప్పాను.

ఆమె కళ్లజోడు పెట్టుకుని పత్రం నింపింది. 'సలహా వలన ప్రభావితమగు ఉత్పత్తి' అన్నచోట డొక్క, సోడా, నూడిల్సు అని రాసింది. 'సలహాకు కారణము' అన్నచోట 'కాలు' అని రాసింది. నేను ఆరు నకళ్లు తీసి ఆరు దేశాలకు పంపాను.

జవాబులు వచ్చాయి. మాది చిన్న దేశమైనా జవాబు ఇవ్వకుండా ఎవరూ వదల్లేదు, అది చెప్పుకోవాలి. ఒక దేశం, ఈ కాలు ఒక్కడిదేనా లేక విధాన నిర్ణయమా అని అడిగింది. డొక్క పంపే దేశం, వాణిజ్యానికి ఇంతకంటే తక్కువ హాని చేసే మార్గాలు, ఉదాహరణకు రోగి కుడికాలి మీద నిలబడటం వంటివి, పరిశీలించారా అని అడిగింది. ఇంకో దేశం చేమదుంప మీద తీవ్ర అభ్యంతరం తెలిపింది. చేమదుంప సుంకం కట్టకుండా, పొట్లం లేకుండా, ఓడ ఎక్కకుండా పెరట్లో దానంతట అదే పెరుగుతున్నందున, దానికి మా నేల నుంచి రహస్యంగా రాయితీ అందుతోందని వారి అనుమానం. నేల తరఫున వివరణ ఇవ్వాల్సిందిగా కోరారు.

చివరకు అందరికీ సమ్మతమైన సలహా ఒకటి తయారై వచ్చింది. అన్ని ఆసుపత్రుల గోడల మీదా అదే అంటించాలి, నర్సులు అదే చెప్పాలి: "తినదగినది తినదగినంత తినవలెను."

నూకరత్నం అది చదివి, "ఇది రాయడానికి ఏడు దేశాలు కూకున్నాయా?" అంది. తర్వాత ఏమీ అనలేదు. అనడం మానేసింది. రోగి వచ్చి "సోడా తాగొచ్చా నర్సమ్మా?" అంటే గోడ వైపు వేలు చూపించేది. ఆ తర్వాత రోగిని చూసేది. అంతే.

ఆ చూపు మీద రెండో ఫిర్యాదు వచ్చింది.

ఈసారి కోదండపాణి గారు స్వయంగా తనిఖీకి బయలుదేరారు. నన్ను రాయసానికి తీసుకెళ్లారు. ఉదయం పదిగంటలకు ఆసుపత్రిలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాం. ఎల్లాజీ కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. పరిస్థితి అర్థమై, సాయం చేద్దామనుకున్నాడు పాపం.

"నర్సమ్మా, మా బామ్మర్ది ఇంట్లో పెళ్లి. ఒక్క ముక్క డొక్క తింటే ఏటవుద్ది?"

నూకరత్నం ముఖం రాయిలా పెట్టుకుంది. పుండు కడిగింది. మందు రాసింది. కట్టు కట్టింది. అంతవరకూ ముఖంలో గీత కదల్లేదు. ఎల్లాజీ లేచి నిలబడి, "రెండు ముక్కలు?" అన్నాడు.

"కనుబొమ్మ!" అన్నారు కోదండపాణి గారు కుర్చీలోంచి లేస్తూ. "నమోదు చేయుడు."

"ఎడమదా, కుడిదా అండీ?"

"ఉభయములు."

నేను రాశాను. ఆ నెలలో నర్సులు పెట్టుకోవలసిన ప్రామాణిక ముఖానికి నమూనాగా ఒక ఫొటో వచ్చింది. ఫొటోలో ఉన్నది ఏ దేశపు మనిషో తెలియలేదు. డొక్క అన్నా, మునగాకు అన్నా, మరణం అన్నా ఒకేలా చూసే ముఖం. దాన్ని నర్సు బల్ల ఎదురుగా తగిలించాం, చూసి సరిచేసుకోవడానికి. తూకం యంత్రంలో ముల్లు ముందుకు కదిలితే రోగులు దిగులుపడి తిండి తగ్గిస్తున్నారని దానికి సీలు వేశాం. నూకరత్నం అడ్డు చెప్పలేదు. సీలు వేయడానికి లక్క తనే కాచి ఇచ్చింది. ఆ లక్క నా వేలి మీద పడినప్పుడు మాత్రం, అయ్యో అనలేదు.

ఇంత చేసినా ఒక లోపం మిగిలిపోయింది. మొదటి రోజు చెప్పిన మాట ఎల్లాజీ చెవిలో పడిపోయింది. దాన్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు ఒప్పందంలో లేదు. అతను చేమదుంప తింటూనే ఉన్నాడు. పదిహేడో వారానికి పుండు పూర్తిగా మానిపోయింది. లాంచీ మీద గంతులేశాడు కూడా.

అదే కొంప ముంచింది. మానిన కాలు సాక్ష్యమైపోయింది.

త్రిసభ్య వివాద పరిష్కార మండలి ఓడలో వచ్చి పెద్దదిబ్బ బడి హాల్లో కొలువు తీరింది. ఎల్లాజీని బల్ల మీద కూర్చోబెట్టి, తెల్లగుడ్డ పరిచి, దాని మీద ఎడమ పాదం పెట్టించారు. పాదానికి 'ఆధారము ఒకటి' అని చీటీ కట్టారు. మండలి అధ్యక్షుల వారు భూతద్దంతో చూశారు. ఆయన మాటల్ని తెలుగులోకి మార్చే పని కోదండపాణి గారిది.

"ఈ పాదము మానియున్నది," అన్నారు అధ్యక్షులు.

"మానినాదండి," అన్నాడు ఎల్లాజీ సంతోషంగా.

"ఉత్పత్తులను మానకుండ పాదము మానుట సంభవమా?"

"ఎలగ సంభవం బాబూ? అవి మానబట్టే గదా ఇది మానినాది!"

అధ్యక్షులు భూతద్దం బల్ల మీద పెట్టి, "ప్రతివాది అంగీకరించినాడు," అన్నారు. ఇంకెవర్నీ ప్రశ్నించలేదు.

తీర్పు ఎనభై పుటలు. సారాంశం ఒకటే: పూర్వస్థితి పునరుద్ధరణ. అంటే, ఉల్లంఘన జరగడానికి ముందు ఆ పాదం ఏ స్థితిలో ఉండెనో, తొంభై రోజుల లోపల తిరిగి ఆ స్థితికి తేవలెను. తేలేని పక్షంలో మా దేశానికి ఇన్సులిను తెచ్చే ఓడకు ఇస్తున్న మినహాయింపులు రద్దగును.

ఇన్సులిను మీద బతుకుతున్నవాళ్లు దేశంలో ఆరు వందల మంది. వాళ్లలో కొందరు ఆ హాల్లోనే ఉన్నారు. ఎవరూ ఎల్లాజీ వైపు చూడలేదు. చూడకపోవడం వాడికి తెలిసింది.

"నానేటి సెయ్యాల?" అని అడిగాడు.

"యథాపూర్వముగా భుజింపవలెను," అన్నారు కోదండపాణి గారు.

ఎల్లాజీ కాలికి కట్టిన చీటీ విప్పుకున్నాడు. "తినీడమేనా? తినేస్తాను. ఆరొందల మంది సూదిమందు ఆపీసి నాను గంతులేస్తే బాగుంటదేటి?"

పర్యవేక్షణ నాకు అప్పగించారు. రోజూ మధ్యాహ్నం నడిమిదిబ్బ రేవులో, లాంచీ మీదే, నా ఎదుట అతను డొక్క కూర తినాలి, సోడాలు తాగాలి, నేను పుస్తకంలో సంతకం పెట్టాలి. మొదటివారం జోకులేశాడు. అలవాటు తప్పిన నోరు కదా, రెండోవారం కొవ్వు మింగలేక కళ్ల నీళ్లు పెట్టుకునేవాడు. నేను సముద్రం వైపు చూసేవాణ్ణి. మూడోవారం మాటలు తగ్గాయి.

"బాబూ, అయిపోనాది. సంతకం ఎట్టు," అనేవాడు సీసా చూపించి.

నేను పెట్టాను. ఇరవై మూడు సంతకాలు పెట్టాను.

ఇరవై నాలుగో రోజున అతను చెప్పు విప్పితే వాసన వచ్చింది. పాత పుండు చోటే తెరుచుకుంది, ఈసారి వేళ్ల దాకా. నూకరత్నం కడిగింది. ఎదురుగా గోడమీద ఫొటో ఉంది. ఆమె ముఖమూ అలాగే ఉంది. చేతులు మాత్రం ఒకే చోట మళ్లీ మళ్లీ కడిగాయి. చేతుల గురించి నిబంధన లేదు కాబట్టి నేను రాయలేదు.

పెద్దదిబ్బకు తీసుకెళ్లి రెండు వేళ్లు తీసేశారు. ఆ సంగతి నేను మండలికి తెలియజేశాను. వెంటనే జవాబు వచ్చింది: "తీర్పు రెండు వేళ్ల మేరకు అమలైనట్లు నమోదు చేసుకున్నాము. సహకారమునకు కృతజ్ఞతలు. శేష భాగము త్వరితపరచవలెను."

ఆ కాగితం నా బల్ల మీద ఉండగా నూకరత్నం ఆఫీసుకు వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆమె పెద్దదిబ్బ ఆఫీసు మెట్లెక్కడం అదే మొదటిసారి. కాగితం చదివింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"ఆ పుస్తకం పదకొండొందల పేజీలట గదా. నువ్వు సదివినావా?"

"లేదు నర్సమ్మా."

"మంత్రి గారు?"

"లేదు."

"ఆ కోదండపాణి?"

"విషయసూచిక చదివారు."

"రెండు కాలి వేళ్లు పోనాయి ఆడికి. ఏ పేజీ పట్టుకు పోనాయో ఆ పేజీ అయినా సూసినావా?"

నేను బీరువా వైపు చూశాను.

"ఇకనైనా సదువు," అని వెళ్లిపోయింది.

బీరువా తెరిచాను. తొమ్మిది రోజులు చదివాను. ఆ తొమ్మిది రోజులూ రేవుకు వెళ్లలేదు, సంతకం పెట్టలేదు. ఉద్యోగంలో చేరాక నేను చేసిన మొదటి తప్పు అది. గొర్రె బొచ్చు గురించి అరవై పుటలున్నాయి. గుడ్డ గుండీలకు ఉండాల్సిన చిల్లుల గురించి పద్దెనిమిది. మనుషుల గురించి ఎక్కడా లేదు. పదో అనుబంధంలో, తొమ్మిది వందల ఎనభై ఏడో పుటలో, చిన్న అక్షరాల్లో నాలుగు పంక్తులు కనిపించాయి: "బంధువులు పరస్పరము ఇచ్చుకొను సలహాలు, సిఫారసులు, సహాయములు ఈ ఒప్పందము పరిధిలోనికి రావు."

మర్నాడు పొద్దున్నే లాంచీ ఎక్కి చిన్నదిబ్బ వెళ్లాను. లాంచీ ఎల్లాజీ బావమరిది నడుపుతున్నాడు. ఆ పంక్తులు నూకరత్నానికి చదివి వినిపించాను. ఆమె రెండుసార్లు చదివించుకుంది.

"అంటే, నర్సు సెప్తే నేరం. మేనత్త సెప్తే కాదు?"

"కాదు."

"తిట్టొచ్చా?"

"తిట్టు కూడా సలహా కిందికే వస్తుందనుకుంటాను."

ఆమె లోపలికి వెళ్లి, తెల్లకాగితం తెచ్చి, రాజీనామా రాసింది. పింఛనుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ మాట గుర్తుచేశాను. "నీకు గుర్తుందా, సంతోషం," అంది. సంతకం పెట్టేసింది.

ఇక వరస కలపాలి. మా దీవుల్లో అది కష్టం కాదు. ఒకే ఓడలో వచ్చినవాళ్ల సంతానమంతా అన్నదమ్ములూ అప్పచెల్లెళ్లూ. ఓడ వరస అంటాం. ఒక ఓడవాళ్లు ఇంకో ఓడవాళ్లకు పిల్లనిచ్చుకుంటారు. మా దేశానికి వచ్చిన ఓడలు రెండే. ఆ లెక్కన మా ఇరవై రెండు వేల మందీ ఒకరికొకరు ఏదో ఒకటి అవుతారు. నేను ఆరోగ్య శాఖ ముద్రతో వరస ధ్రువీకరణ పత్రం ఒకటి తయారుచేశాను. మొదటి పత్రం ఎల్లాజీది. నూకరత్నం అతనికి మేనత్త.

కట్టు కాలితో అతన్ని ఆమె ఇంటి అరుగు మీదికి దించాం. ఆమె పత్రం చూసింది, ముద్ర చూసింది, మడిచి బొడ్లో దోపుకుంది. అప్పుడు మొదలుపెట్టింది.

"ఓరి తిండిపోతు ఎదవా! ఆరొందల మందిని బతికించేడంట, మొనగాడు! కాలు తెగి మంచాన పడితే నీ పెళ్లాం లాంచీ తోల్తాదేటిరా? ఇంకోపాలి డొక్క వాసన సూసినావంటే ఆ కాలికి మిగిలిన మూడు వేళ్లూ నానే ఇరిసేస్తాను!"

మూడు నెలల మౌనం అది. నర్సుగా ఆమె ఎప్పుడూ ఇలా మాట్లాడలేదు. నర్సుకు మర్యాద ఉంటుంది, మేనత్తకు ఉండదు. ఎల్లాజీ ఏడుస్తూ, నవ్వుతూ, "అలగే అత్తా, అలగే అత్తా" అన్నాడు. గోడ అవతల నిలబడి వింటున్నవాళ్లు నలుగురు నా దగ్గరికి వచ్చి, తమకూ ఒక పత్రం కావాలన్నారు.

నెల తిరిగేసరికి నేను పద్నాలుగు వందల పత్రాలు రాశాను. కొందరికి అత్త, కొందరికి పిన్ని, కొందరికి వదిన. ఎనభై ఏళ్ల ముసలాయనకు కూతురు వరస అయింది. ఆయన్నే ఎక్కువ తిట్టింది. పెద్దదిబ్బలోనూ ఇద్దరు ముసలమ్మలు ఆమె దగ్గర నేర్చుకుని అరుగులు తెరిచారు. డొక్క ఓడ నెలకోసారి వచ్చేది మూడు నెలలకోసారి రావడం మొదలుపెట్టింది.

కోదండపాణి గారు అత్యవసర నివేదిక పంపారు: "దేశ జనాభా యావత్తు బంధుత్వము ముసుగులో ఏకమై వాణిజ్యమును తిట్టుచున్నది. సదరు నాలుగు పంక్తులను తక్షణము తొలగింపవలెను."

జవాబు రావడానికి వారం పట్టింది. ఈ ఒక్కసారి ఆరు పెద్ద దేశాలూ ఒకే గొంతుతో జవాబిచ్చాయి. ఆ పంక్తులు పెట్టించింది వాళ్లేనట. వాళ్ల మంత్రుల బావమరుదులకు రేవు కాంట్రాక్టులు దొరికింది ఆ నాలుగు పంక్తుల కిందనేనట. కాబట్టి వాటిని యథాతథంగా ఉంచవలెనని, వాటి జోలికి వచ్చు అధికారిపై చర్య తీసుకొనబడునని రాశారు. ఎల్లాజీ మిగిలిన వేళ్ల విషయం వచ్చే సమీక్ష దాకా వాయిదా వేశారు.

సమీక్ష ఇంకా రాలేదు, ఇన్సులిను ఓడ మాత్రం వస్తూనే ఉంది. ఎల్లాజీ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. లాంచీ నడపడానికి కర్ర అక్కర్లేదంటాడు.

మొన్న మధ్యాహ్నం మూడింటికి నేను ఆ అరుగు మీదే పత్రాలు రాస్తున్నాను. లాంచీ దిగి ఒకాయన ఎండలో మెల్లగా నడిచివస్తున్నారు. దగ్గరికి వచ్చాక చూస్తే కోదండపాణి గారు. ఎడమ బూటు తాళ్లు కట్టుకోలేదు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగారు. ఆ తర్వాత నేను లేనట్టే నూకరత్నంతో మాట్లాడారు.

"నేను వ్యక్తిగత హోదాలో, ఎడమ కాలి బొటనవేలు సంబంధముగా, అనధికార సంప్రదింపులు జరుపదలచి..."

"ఎవులు బాబూ నువ్వు?" అంది నూకరత్నం, మునగాకు దూస్తూ.

"వాణిజ్య అనుకూలతాధి..."

"అది ఉజ్జోగం. నాకేటవుతావు?"

ఆయన నావైపు చూశారు. నేను జాబితా తిరగేశాను. వాళ్ల ముత్తాత రెండో ఓడలో వచ్చాడు. ఆమె మొగుడి ముత్తాత ఓడ కూడా అదే. "మరిది కొడుకు వరస అండీ," అన్నాను. "మీరు పెద్దమ్మ అనాలి."

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. అరుగు చివర కూర్చున్న ఎల్లాజీ, "పిలు బాబూ, ఏటీ అవదు. ఒకపాలి అంటే అలవాటైపోద్ది," అన్నాడు.

"పెద్దమ్మా," అన్నారు కోదండపాణి గారు.

"ఇనబడ్నేదు."

"పెద్దమ్మా!"

"అలగ కూకో. బూటు ఇప్పు."

ఆయన కూర్చుని వంగారు. వంగడానికి చాలాసేపు పట్టింది. మేజోడు అంటుకుపోయింది. నూకరత్నం నీళ్లు చల్లి మెల్లగా లాగింది. చూసింది. ఎల్లాజీ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎన్నాళ్లబట్టి?"

"మూడు నెలలు."

"మరి ఇన్నాళ్లూ ఆసుపత్రిలో సూపించుకోనేదేటి?"

కోదండపాణి గారు సముద్రం వైపు చూసి, ఆయన నోట నేను ఎప్పుడూ వినని మామూలు తెలుగులో, "వెళ్లాను పెద్దమ్మా. అక్కడ నర్సు లేదు," అన్నారు.

నూకరత్నం బేసిను దగ్గరికి లాక్కుంది.